వేడెక్కేదాకా

నెవిల్ హాథర్లీ గ్యారేజీలో
సైకిల్ పంపుకీ పెయింటు డబ్బాలకీ మధ్య, బల్ల మీద ఉంది అది.
ముప్పై ఏడు మెట్లు, రెండంచులా టేకు చెక్క,
ఓ మూల ఎవరో సిగరెట్ ఆర్పిన మచ్చ.
"స్విచ్ వేశాక ఇరవై నిమిషాలు దాన్నేమీ అడక్కు," అన్నాడు.
"పొద్దున్నే నాలాగే,
ముందు కాస్త తప్పు మాట్లాడుతుంది."

షెఫీల్డ్‌లో వాక్లీ అంతా ఏటవాలు. బయట తుంపర.
నా కోటు లోపలి జేబులో కవరు,
కవర్లో పదకొండు వందల యాభై పౌండ్లు.
ఆసుపత్రి లాండ్రీలో పది నెలల శనివారాలు
కాస్త చెమటపట్టి, గుండెకి ఆనుకుని.

షమీమ్ నిన్న రాత్రే తేల్చేసింది.
"అదే గొంతు లాప్‌టాప్‌లో అరవై పౌండ్లకి వస్తుంటే
ఈ పాత చింతకాయ పచ్చడి ఎందుకే నీకు?
మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, నీ నడుము సంగతి నీకు తెలుసు.
లోపలి చిప్పులు ఇప్పుడెవరూ చెయ్యరు.
బాగుచేసేవాడు బార్న్స్‌లీలో ఒక్కడే, వాడికి ఎనభై ఒకటి."
కళ్ళు మూసుకోమని రెండు స్వరాలు వినిపించింది.
ఏది పాతది?
మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ తప్పే చెప్పాను.
నవ్వనైనా నవ్వలేదు.

నిజమే, ఆ సాఫ్ట్‌వేర్‌లో అన్నీ గీశారు:
టేకు చారలు, మరలు, మరల మీది తుప్పు.
చివరి వరసలో ఒక నాబ్. దాని పేరు వయసు.
సున్నా నుంచి వందదాకా ఎంతైనా తిప్పుకోవచ్చు.
తిప్పితే స్వరం వణుకుతుంది, జారుతుంది,
వంటగదిలోకి ఎందుకొచ్చానో మర్చిపోయి నిలబడ్డట్టు.
వెనక్కి తిప్పితే మళ్ళీ పడుచుది.
యాభై మూడేళ్ళ మోకాళ్ళేసుకుని
ఆ నాబ్‌కేసి చాలాసేపు చూశాను.

ఇరవై నిమిషాలయ్యాయి.
గోడ గడియారం ఆగిపోయి ఉంది, ఇద్దరం నా ఫోన్‌నే నమ్మాం.
కింది నుంచి పన్నెండో మెట్టు నొక్కాను.

షమీమ్ వినిపించినట్టే ఉంది. అచ్చం అలాగే.
దాచి ఏం లాభం.
అదే లావు, అదే వెచ్చదనం,
అడుగున ఎక్కడో బియ్యం జల్లిస్తున్నట్టు అదే గరగర.
ఇంత దూరం బస్సెక్కి ఎందుకొచ్చానా అనుకుంటున్నాను,
"టీ తాగుతావా?" అంటూ నెవిల్ కెటిల్ నొక్కాడు.

స్వరం
వెంట్రుకవాసి దిగింది.

నేను వేలు తియ్యలేదు.
నీళ్ళు కాగినంతసేపూ అది ఆ దిగిన చోటే ఉంది,
ఇరుకు బస్సులో ఎవరికో చోటిచ్చి ఒదిగినట్టు.
కెటిల్ టక్కుమనగానే
మళ్ళీ తన చోటికి వచ్చి కూర్చుంది.

"వైరింగ్ పాతది," అన్నాడాయన నొచ్చుకుంటూ.
"పక్కింటావిడ బట్టల మెషీన్ వేసినా ఇంతే.
ఇంకో వంద తగ్గించుకో."
ఆయన దేనికి తగ్గిస్తున్నాడో
నేను దానికే ఇవ్వబోయాను.

కవరు తీశాను. ఎందుకో మళ్ళీ లోపల పెట్టాను.
టీ తాగాను, చక్కెర ఎక్కువైంది.
సోమవారం చెప్తానన్నాను.
అప్పటిదాకా ఎవరికీ ఇవ్వనన్నాడు,
ఇవ్వడానికి ఎవరూ అడగలేదని కూడా అన్నాడు.

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాను.
అదే స్వరం పట్టుకుని, వంటగదిలో కెటిల్ వేశాను.
కదల్లేదు. ఇంట్లో నేనున్నట్టే తెలియని స్వరం.
రెండోసారి నీళ్ళు పెట్టి
ఎడమచేత్తో నేనే దాన్ని వెంట్రుకవాసి దించాను.
టక్కుమనగానే లేపాను.

బాగా కుదిరింది.
ఎవరికి వినిపించినా తేడా తెలీదు, షమీమ్‌కైనా.
దించినదాన్ని నేను కాబట్టి నాకు తెలుసు, అంతే.

రెండుసార్లు మరిగిన నీళ్ళు సింకులో పారబోశాను.
కవరు ఇంకా కోటు జేబులోనే ఉంది.
ఇవాళ ఆదివారం.